పది నిమిషాల నంబరు

ఆ ఎండాకాలం మా చుట్టుపక్కల నాకంటే పెద్దమనిషి లేడు. అబద్ధమైతే కాలువ ఎదురు పారాలి. డెబ్బై రెండేళ్ల ముసలాణ్ణి, ఏడో తరగతి దాటనివాణ్ణి. కాలేజీకి పోవాల్సిన పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంట పరుగెత్తుతూ నన్ను వెతికారంటే కారణం నా తెలివి కాదు. నా నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలోని ఫోను.

నేను నీరటిని. అంటే తూము తిప్పి, ఎవరి వంతు వచ్చినప్పుడు వారి మళ్ళకు కాలువ నీళ్ళు వదిలేవాణ్ణి. మా ఊరు బాన్సువాడకు ఆరు కిలోమీటర్లు. పన్నెండేళ్ల కింద మా బడిలో ఆధార్ శిబిరం పెట్టినప్పుడు రాసే పిల్లగాడు ఒక్కొక్కరినీ ఫోను నంబరు అడిగాడు. అప్పట్లో మావాళ్ళు నెలకో సిమ్ము మార్చేవాళ్ళు. సొంత నంబరు ఎవరికీ గుర్తుండేది కాదు. నీళ్ళ కోసం చేసీ చేసీ నా నంబరు మాత్రం ఊరందరికీ నోటికి వచ్చు. "సాయన్నది రాయి" అన్నాడు ఒకడు. వాడి వెనక వరసంతా అదే మాట. నేను పక్కనే నిలబడి మీసం తిప్పాను. అలా నూట నలభై మంది ఆధార్లు నా ఫోనుకు ముడిపడ్డాయి. తర్వాత మార్చుకుందాం అనుకున్నవాళ్ళు మార్చుకోలేదు. దానికి బాన్సువాడలో ఒక పూటంతా వరసలో నిలబడాలి. ఆ పూట నాట్లుంటాయి, లేదంటే పెళ్ళుంటుంది.

మే నెలలో డిగ్రీ దరఖాస్తులు మొదలయ్యాయి. అంతా ఆన్‌లైనే. పేరు నమోదుకు ఒక నంబరు వస్తుంది, కాలేజీ ఎంచుకున్నాక ఒకటి, సీటు ఒప్పుకున్నాక ఇంకొకటి. ఆరంకెలు. ఆధార్‌కు ముడిపడ్డ ఫోనుకే వచ్చి, పది నిమిషాలు బతికి చస్తుంది. బస్టాండు గోడ మీద కాగితం అంటించారు: ఫీజు సర్కారు చూసుకుంటుంది, ఆడవాళ్ళకు బస్సు ఎలాగూ ఉచితమే, వయసు హద్దు లేదు, ఎవరైనా చేరవచ్చు. చదువు తనే నడిచొచ్చి గుమ్మం ముందు కూర్చుందనుకోండి. గొళ్ళెం మాత్రం నా నడుముకు ఉంది.

ఊరికే ఇచ్చేస్తే నేను సాయన్ననెట్లా అవుతాను? నంబరు కావాలంటే ఒక కథ వినాలి. అది నా రివాజు.

మొదట చిక్కింది సమ్రీన్. మా పక్కింట్లో ఉండే, మోటార్లు బాగుచేసే ముష్తాక్ బిడ్డ. తూము దగ్గరికి వగరుస్తూ వచ్చింది.

"తాతా, నంబరొచ్చిందా? జల్ది చెప్పు."

"వచ్చింది. ముందుగాల గిది విను. డెబ్బై ఎనిమిదిల మన కాలువల ఒక వాలుగ చేప దిగింది."

"పది నిమిషాలే ఉంటది తాతా."

"తల గా వర్ని ఊర్ల, తోక గీ తూము కాడ. నీళ్ళాగిపోయినయని నేను తోక మీద ఒక్కటిచ్చిన. రెండు దినాలకు గా దెబ్బ తలకు తెలిసి కండ్లు తెరిచింది."

"నీకంటె ఆ చేపనే నయం. రెండు దినాలకన్న తెలిసింది. నంబరు చెప్పు."

నవ్వి చెప్పాను. ఆరంకెలూ నొక్కుకుని వెళ్ళిపోయింది. ఇలా ఆ నెలలో పద్నాలుగు మందికి కథలు చెప్పాను. ఒక్కరి నంబరూ చావనివ్వలేదు. తొమ్మిదో నిమిషంలో ఇచ్చినా ఇచ్చాను.

నాలుగు రోజుల తర్వాత సమ్రీన్ మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటల వేళ. అప్పుడే ఫోను టింగుమంది.

"ఏందే, నీది మొన్ననే అయిపాయె గద. ఇదెవలిది?"

"దోస్తుది."

"దోస్తుకు పేరుండదా?"

"ఉంటది. చెప్పొద్దన్నది."

"అయితే నేను గూడ నంబరు చెప్ప. పేరు చెప్పు, పట్టుకపో. కత గూడ మాఫ్."

ఆ పిల్ల తన ఫోనులో గడియారం చూసుకుంది. ఇంకోసారి చూసుకుంది. తర్వాత ఊరి వైపు, మా ఇల్లున్న దిక్కుకు చూసింది. ఎండకు కళ్ళు చిట్లిస్తోంది కాబోలు అనుకున్నాను.

"ఇంక ఆరు నిమిషాలున్నయి తాతా."

"ఒక్క పేరు చెప్పనీకి ఆరు నిమిషాలు పడ్తదా?"

చెప్పలేదు. పట్టు నాదీ తక్కువ కాదు. ఇద్దరం తూము గోడ మీద చెరోవైపు కూర్చుని నంబరు చచ్చేదాకా చూశాం. లేచి దుమ్ము దులుపుకుని, "ఏం మనిషివి తాతా" అంది. కోపంగా కూడా అనలేదు.

తర్వాత రెండు రోజులు అదే వేళకు అలాంటి నంబరే వచ్చింది. ఎవరూ అడగడానికి రాలేదు. దిక్కులేని నంబరు. నా ఫోనులో పుట్టి నా ఫోనులోనే పోయింది. మొదటి విడత గడువు కూడా ముగిసింది.

ఇలాంటిది దొరికితే నా నోరు ఊరుకుంటుందా? బస్టాండు ముందు హోటల్లో చాయ తాగుతూ దానికో మనిషిని తయారుచేశాను. ఆ కథ అక్కడ బాగా పండింది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చి మా రాందాసుకు మళ్ళీ చెప్పాను. రాందాస్ నా కొడుకు, వరికోత మిషన్ నడుపుతాడు. కోతల కాలం అయిపోయి ఇంటిపట్టునే ఉన్నాడు. కోడలు విజయశ్రీ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తోంది. మనుమడు సాయిప్రసాద్ గురుకులంలో ఉంటాడు కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే.

"గా పేరు లేని నంబరు ఎవలిదో దొరికిందిరా" అన్నాను. "ఒక అవ్వది. పండ్లు లెవ్వు, కండ్లు కనవడవు. మనుమని టిఫిన్ డబ్బ పట్టుకొని డిగ్రీకి పోతున్నది. బస్సెక్కింది. యాడికవ్వా అన్నడు కండక్టర్. డిగ్రీకి అన్నది. గా పేరుతోటి ఈ రూట్ల స్టేజీ లేదు, దిగు అన్నడు."

రాందాస్ అన్నం గొంతుకు అడ్డం పడేలా నవ్వాడు. "దిగిందా మరి?"

"యాడ దిగుతది? సీటు కింద దాసుకున్నది. కాలేజీల సారు మెమో అడిగితే, ఎలుకలు కొట్టినయి సారూ, అవి డిగ్రీ పాసైనయి, నేనే మిగిలిన అన్నది."

రాందాస్ నీళ్ళ చెంబు వెతుక్కున్నాడు. నా పళ్ళెంలో రొట్టె పడింది. ఒకవైపు నల్లగా మాడి ఉంది. పదహారేళ్ళలో ఆ చేతి రొట్టె మాడగా నేను చూడలేదు.

"రొట్టె మాడింది విజయా."

"ఇంకోటి చేస్త మామా" అంది. తల తిప్పలేదు.

ఆ తర్వాత ఆ దిక్కులేని నంబరు రాలేదు.

జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలారు. వంతులు మొదలయ్యాయి. సమ్రీన్‌కు బాన్సువాడ సర్కారు డిగ్రీ కాలేజీలో సీటొచ్చిందని ముష్తాక్ మిఠాయి పంచాడు. ఒక మంగళవారం ఆ పిల్ల తూము దగ్గరికి వచ్చి నిలబడింది. ఏమీ అడగలేదు.

"ఏందే, మల్ల దోస్తుదా?"

"కాదు. ఆమె ఇడిచిపెట్టింది. అవ్వ కత ఇన్నంక."

"కత కతనే. దానికెందుకు ఇడిసిపెట్టుడు?"

"ఇంటర్ల నాకు ఎకనామిక్స్ ఎవలు చెప్పిన్రో ఎరికేనా తాతా? మూడు నెలలు, మధ్యాహ్నం పూట, మీ వంటింట్ల. నువ్వు గీడ గట్టు మీద పండుకున్నప్పుడు."

తూము చక్రం నా చేతిలో ఉంది. తిప్పుతున్నాననే అనుకున్నాను.

"నా పుస్తకం చూసి, గిది నేను చదివినప్పుడు లేకుండె అంటుండె అక్క. ఎప్పుడన్న నాకంటె ముందుగాల లెక్క చేసేది. ఆఖరు విడత శుక్రవారం ఐదింటి దాక ఉన్నది. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు."

సమ్రీన్ వెళ్ళిపోయాక చూస్తే చక్రం ఎటు తిప్పాలో అటు కాక ఇటు తిప్పి ఉంచాను. నీళ్ళు దారి తప్పి రోడ్డెక్కాయి. నలభై ఏళ్ళలో అలా ఎన్నడూ జరగలేదు. ఇది మాత్రం కథ కాదు.

పదహారేళ్ళ కింద సంబంధం మాట్లాడడానికి పోయినప్పుడు, పిల్ల ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైందని, డిగ్రీ చదివిస్తామనుకున్నామని వాళ్ళ నాయిన అన్నాడు. "మా ఇంట్ల కలెక్టర్ ఖాళీ లేదు బావా, రొట్టెలు చేసే నౌకరి ఉన్నది" అన్నాను. చాప మీద కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. నవ్వు బాగా వచ్చిందని దారిపొడుగునా మురిసిపోయాను. లోపల గదిలో ఎవరు నవ్వలేదో నాకేం తెలుసు?

ఆ సాయంత్రం ఇంట్లో కాలు నిలవలేదు. వాకిట్లోకి, దొడ్లోకి తిరిగాను. అడుగుదామంటే ఎట్లా అడగాలి? మామకూ కోడలికీ మధ్య నడిచే మాటలు ఉప్పూ పప్పూ నీళ్ళూ. నాతో పేరు చెప్పలేక, చెప్తే ఊరంతా కథ చేస్తానని భయపడి, ఆ మనిషి పక్కింటి పిల్లను నా దగ్గరికి పంపింది. నేను పేరే అడిగాను. పేరు చెప్పకుండానే కథ చేశాను. క్షమించమని అనడం నాకు ఏ బడిలోనూ నేర్పలేదు. పోనీ ఇంకో కథ చెప్పి సర్దుదామా అంటే, మొదటిసారి ఒక్కటీ తట్టలేదు.

బుధవారం పొద్దున తూముకు బయలుదేరే ముందు నడుముకున్న సంచి విప్పాను. పొయ్యి పక్క గూట్లో, ఉప్పు డబ్బా పక్కన పెట్టాను.

"ఫోను మర్సిపోతున్నవ్ మామా" అంది విజయశ్రీ.

"మర్సిపోతలే. బరువైతున్నది. ఇంట్లనే ఉండనీ."

"పిల్లలొస్తే?"

"నంబరు చెప్పి పంపు. నాకు అంకెలు కనవడ్తలెవ్వు."

ముందురోజే అవతలి గట్టు మీది కొంగ కాలిగోళ్ళు లెక్కపెట్టి చెప్పినవాణ్ణి. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమె నా వైపు చూడలేదు, నేను ఆమె వైపు చూడలేదు.

"నీళ్ళ కోసం ఎవలన్న చేస్తే ఏం చెప్పాలె?"

"వంతులు నీకు తెల్వదా?"

"తెలుసు."

"ఇగ ఏంది మరి."

వచ్చేశాను. గట్టు మీద ఆ రెండు రోజులు ఎట్లా గడిచాయో చెప్తే నమ్మరు. చెయ్యి ఊరికే నడుము మీదికి పోతుంది. అక్కడేమీ ఉండదు. ఎక్కడో ఫోను మోగినట్టు వినిపిస్తుంది, లేచి సగం దూరం నడిచి, సిగ్గుపడి వెనక్కి వస్తాను. పిల్లలెవరూ పరుగెత్తుకు రాలేదు. వినేవాడు లేక వాలుగ చేప కథ నాకు నేనే చెప్పుకున్నాను. అంత బాగేం లేదు.

గురువారం సాయంత్రం హరనాథబాబు మోటారు సైకిలు మీద వచ్చాడు. వాళ్ళ తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, కాలువ చివరన ఉంటాయి వాళ్ళ మళ్ళు. తగాదాకే వచ్చాడనుకుని లేచి నిలబడ్డాను.

"ఏమయ్యా సాయన్నా, ఫోను మీ కోడలికిచ్చేశావా?"

"ఏమన్నది?"

"నీళ్ళు నాలుగింటికి వస్తాయంది. నాలుగింటికే వచ్చాయి. పద్దెనిమిదేళ్ళ నుంచి నిన్నడిగితే, దారిల ఉన్నయి, చాయ తాగుతున్నయి అంటావు గానీ, ఒక్కనాడన్నా టైము చెప్పావా?"

"నీళ్ళకు చాయ ఇష్టం బాబూ. నేనేం చెయ్యాలె?"

"ఫోను ఆమె దగ్గరే ఉంచు" అని బండి తిప్పుకుని పోయాడు.

శుక్రవారం మూడింటికే ఇంటికి వచ్చేశాను. రాందాస్ మిషన్ బెల్టు కోసం బోధన్ పోయాడు. వాకిట్లో అరుగు మీద కూర్చున్నాను. వంటింట్లో సమ్రీన్ గొంతు వినిపిస్తోంది. ఫోను టింగుమంటుందేమోనని నా చెవులు నా మాట వినకుండా అటే పోతున్నాయి. మూడున్నర. నాలుగు. నాలుగుంబావు.

"సిగ్నల్ లేదక్కా. జర వాకిట్లకు పట్టుకపో" అంది సమ్రీన్ లోపల్నుంచి.

విజయశ్రీ నా ఫోను పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి గుమ్మంలో ఆగింది. ఆగితే ఎట్లా? నేను తల అటు తిప్పి ఎదురింటి రేకుల మీది కాకులను చూడడం మొదలుపెట్టాను. మూడున్నాయి. చాలాసేపు లెక్కపెట్టాను. ఆమె వాకిలి మధ్యకు నడిచి ఫోను పైకెత్తి పట్టుకుంది. ఎండలో అట్లా నిలబడే ఉంది. ఒక కాకి లేచిపోయింది.

టింగుమంది.

ఆమె పరుగెత్తలేదు. లోపలికి నడిచే వెళ్ళింది. తర్వాత ఒక్కో అంకె వినిపించింది, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు. "నాలుగు. సున్నా. ఏడు. ఏడు. రెండు. తొమ్మిది."

రేకుల మీద ఇంకో కాకి లేచిపోయింది.

"పడ్డదక్కా" అంది సమ్రీన్.

నేను లేచి తూము దగ్గరికి పోయాను. అప్పుడు ఎవరి వంతూ లేదు. ఊరికే కూర్చుని వచ్చాను.

పది రోజుల తర్వాత సీటు కాగితం వచ్చింది. బి.ఏ., బాన్సువాడ సర్కారు కాలేజీ. సమ్రీన్ బాన్సువాడలో అచ్చు తీయించి తెచ్చి అరుగు మీద పెట్టి పోయింది. ముందుగా చూసినవాడు రాందాస్.

"ఇదేంది? గిందుల విజయ పేరెందుకున్నది?"

లోపల చేటలో బియ్యం చప్పుడు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తట్టని కథ అప్పుడు నా నోటికొచ్చింది.

"నేనే పెట్టిన" అన్నాను. "నాకే డిగ్రీ చెయ్యాలనిపించిందిరా. పేరు కొడితే, నీకు ఇంటర్ లేదు పో అన్నది మిషిన్. ముంగట నూట నలభై ఆధార్లున్నయి. కండ్లు కనవడక ఏదో ఒకటి ఒత్తిన. కోడలి పేరు పడ్డది. ఇప్పుడు తీసేద్దామంటే, తీస్తే రేషన్ కార్డు గూడ పోతదంటున్రు."

రాందాస్ నా ముఖం చూశాడు. వాడి పెదవి చివర నవ్వు మొదలవుతోంది. ఇంకొక్క మాట కలిపితే నమ్మేవాడే, లేదా నమ్మినట్టు ఊరుకునేవాడే. ఆ మాట నాలుక మీదే ఉంది.

"మామ పెట్టలే" అంది విజయశ్రీ. చేట పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "నేనే పెట్టుకున్న. నాకు చదవాలని ఉన్నది. పదహారేండ్ల సంది ఉన్నది."

 రాందాస్ కాగితం తిప్పి వెనక చూశాడు. వెనక ఏమీ లేదు.

"నాట్లు?" అన్నాడు.

"ఎనిమిదింటి దాక ఉంట. సాయంత్రం నాలుగు తర్వాత ఉంట. నడిమిట్ల కూలోళ్ళను పెట్టుకుందాం."

"రొట్టెలు?"

ఆమె చేట కింద పెట్టింది. వాడు నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్?"

"నలభై ఏండ్లు తూము కాడ ఉన్న. ముందటి మడోడు నాకు నిండింది, ఇగ కిందికి ఇడువు అని ఒక్కనాడన్న అన్నడా?"

"గిది గూడ కతనేనా?"

"కాదు."

వాడికి నేను చెప్పిన అతి చిన్న జవాబు అదేననుకుంటాను. కాగితం అరుగు మీద పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద స్పానర్ పెట్టి, బయటికి పోయాడు.

రెండు రోజులు ఇంట్లో పళ్ళేల చప్పుడే. మూడో రోజు బండి తుడుస్తూ, తల ఎత్తకుండా, "బస్సెన్నింటికి?" అన్నాడు.

"తొమ్మిదింటికి."

"మన మూల కాడ ఆగదది. మెయిన్ రోడ్డు దాక నేను దింపుత."

ఇప్పుడు ఆగస్టు. మళ్ళు పచ్చబడ్డాయి. విజయశ్రీ మొదటి వారంలోనే బాన్సువాడలో ఒక పూట వరసలో నిలబడి తన ఆధార్‌కు తన నంబరు ఎక్కించుకుంది. తర్వాత వారానికి నలుగురైదుగురు ఆడవాళ్ళను బస్సులో వెంటబెట్టుకుపోయి వాళ్ళవీ మార్పిస్తోంది. నూట నలభైలో నాకు ఇంకెందరు మిగిలారో తెలియదు. నీళ్ళ కోసమైనా మోగుతుందనుకుంటే, టైము సరిగ్గా కావాల్సినవాళ్ళు ఆమెకే చేస్తున్నారు. మధ్యాహ్నం రొట్టెలు నేనే చేస్తున్నాను. వాటికి నాలుగు మూలలుంటాయి. రాందాస్ ఒక్కో మూల తుంచి చూసి, ఏమీ అనకుండా తింటున్నాడు.

మొన్న సమ్రీన్ తూము దగ్గరికి వచ్చి ఒక సంగతి చెప్పింది. క్లాసులో మొదటిరోజు సారు ఒక్కొక్కరినీ లేపి, మీ గురించి ఏదన్నా చెప్పండి అన్నాడట. విజయశ్రీ వంతు వచ్చిందట. లేచి, మా ఊళ్ళో ఒక అవ్వ ఉంది సార్ అని మొదలుపెట్టిందట. మనుమడి టిఫిన్ డబ్బా, కండక్టరు, సీటు కింద దాక్కోవడం, ఎలుకలు, అన్నీ చెప్పిందట. నేను చెప్పనివి కూడా రెండు కలిపిందట. పిల్లలు బెంచీలు కొట్టి నవ్వారట. నవ్వు ఆగేదాకా నిలబడి, "ఆ అవ్వను నేనే" అని కూర్చుందట.

"అప్పుడేమైంది?" అన్నాను.

"ఏం గాలే. మల్ల ఎవ్వలు నవ్వలే. సారు పుస్తకం తీసిండు."

ఆ రాత్రి అన్నాల దగ్గర నా పళ్ళెంలో విజయశ్రీ చేతి రొట్టె పడింది, గుండ్రంగా. రాందాస్ తింటున్నాడు. ఆమె గోడకు ఆనుకుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు తటపటాయించాను. నేను తటపటాయించడం అంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరినైనా అడగండి.

"విజయా."

"ఏంది మామా?"

"గా కతల అవ్వ, ఆఖరుకు పాసైందా?"

ఆమె పుస్తకంలోంచి తల ఎత్తి, వేలు పేజీ మధ్యలోనే ఉంచి నన్ను చూసింది.

"ఇంక ఫస్టియరే మామా" అంది.